మొదటి రీఫ్ ట్యాంక్: షాపు వాడి ‘కంప్లీట్ ప్యాకేజీ’లో ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

ఇంట్లో పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియాన్నే రీఫ్ ట్యాంక్ అంటారు. మాది పెట్టాక పద్నాలుగు నెలలు ఆగి రాస్తున్నా. కొన్న వారానికే రాసుంటే అయిదుకి అయిదు ఇచ్చేసేదాన్ని, మూడో నెలలో రాసుంటే షాపు వాణ్ణి తిట్టడంతోనే సరిపోయేది. ఇప్పుడు కోపం తగ్గింది, ట్యాంక్ బతికే ఉంది, లెక్కలు కూడా తేలాయి.

మియాపూర్‌లో మాది మూడో అంతస్తు ఫ్లాట్. హాల్లో మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంక్, 10 ఎంఎం గ్లాసు. కింద క్యాబినెట్‌లో సంప్. రాళ్లూ ఇసుకా పోను అంతా కలిపి 180 లీటర్ల నీళ్లు. మొత్తం బరువు 300 కిలోల దాకా వస్తుంది కాబట్టి గోడవారగా, కింద బీమ్ వెళ్లే చోట పెట్టించుకున్నాం. సంప్ అనగానే మా అత్తయ్య అపార్ట్‌మెంట్ కింద ఉండే నీళ్ల సంప్ అనుకుని, దానికి సెక్రటరీ ఒప్పుకుంటాడా అని అడిగారు. కాదండీ, ఇది ట్యాంక్ కింద ఇంకో చిన్న ట్యాంక్, పైనుంచి నీళ్లు పొంగి ఇందులోకి దిగుతాయి, ఇక్కడ శుభ్రమై పంపుతో మళ్లీ పైకి వెళ్తాయి.

షాపు పేరు రాయను. ఇప్పటికీ ఉప్పు అక్కడే కొంటున్నా. వాళ్లు ఇచ్చిన ప్యాకేజీలో ట్యాంక్, క్యాబినెట్, సంప్, స్కిమ్మర్, నీళ్లని సంప్ నుంచి పైకి పంపే రిటర్న్ పంపు, నీళ్లు కదిలించే రెండు వేవ్ మేకర్లు, ఎల్ఈడీ లైటు, చిల్లర్, రాళ్లు, ఇసుక, ఒక బకెట్ ఉప్పు, మనిషొచ్చి బిగించడం, మూడు నెలల సర్వీసు. లక్షా ముప్పై వేలు. ఆ తర్వాత నేను విడిగా పెట్టింది ఇంకో ముప్పై అయిదు వేలు, అంటే ‘కంప్లీట్’ అన్న మాట అక్కడే తేలిపోయింది. షాపులో కుర్రాడు లైటు గురించి గంట చెప్పాడు, ఫోన్‌లో యాప్ చూపించాడు, సూర్యోదయం సూర్యాస్తమయం పెట్టుకోవచ్చన్నాడు. నీళ్ల గురించి అయిదు నిమిషాలు. మొదటిసారి పెట్టుకునేవాళ్లకి ఇది తిరగేసి చెప్పాలి. హైదరాబాద్‌లో రీఫ్ ట్యాంక్‌కి మొదటి డబ్బు నీళ్ల మీద, చల్లదనం మీద పెట్టాలి, లైటు సంగతి ఆ తర్వాత.

నీళ్లతోనే మొదలుపెడతా. “ఇంట్లో ఆర్వో ఉంది కదా మేడమ్, అవే పోసేయండి” అన్నాడు. పోశా. రెండు నెలల పాటు ఇసుక మీద, అద్దం మీద గోధుమరంగు బూజు, తుడిచిన రెండో రోజుకి మళ్లీ. కొత్త ట్యాంక్‌లో ఇలా డయాటమ్స్ అనే సూక్ష్మమైన నాచు రావడం మామూలే, కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గాలి. మాకు తగ్గలేదు. ఆఖరికి నీళ్లలో కరిగి ఉన్న లవణాలు ఎంతో చూపించే రెండొందల రూపాయల టీడీఎస్ పెన్ను కొని ముంచి చూస్తే మా వంటింటి ఆర్వో నీళ్లలో 70. మనం తాగే మిషన్లలో రుచి కోసం కొంచెం మామూలు నీళ్లు కలిసేలా ఒక చిన్న స్క్రూ ఉంటుంది, సర్వీసు వాడు దాన్ని తిప్పి పోతాడు. తాగడానికి అది మంచిదే. రీఫ్ ట్యాంక్‌కి మాత్రం టీడీఎస్ సున్నా ఉండాలి, ఎందుకంటే ఆ 70లో ఇలాంటి బూజుకి మేతయ్యే సిలికేట్ ఎంతో, నైట్రేట్ ఎంతో, ఫాస్ఫేట్ ఎంతో పెన్ను చెప్పదు. ఆర్వో తర్వాత మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెజిన్ గుళికలు ఉన్న వేరే యూనిట్ బాల్కనీలో పెట్టించాక నెలలో ఆ బూజు పోయింది. రెజిన్ అయిపోయినప్పుడు రీడింగ్ 1, 2, 5 అంటూ పాకుతుంది, 2 రాగానే మార్చేస్తున్నా. బోరు నీళ్లయితే రెజిన్ త్వరగా తినేస్తుంది, మంజీరా నీళ్లు వచ్చే రోజు పట్టుకుంటే ఎక్కువ కాలం వస్తుంది. వృథాగా పోయే నీళ్లు ఇల్లు తుడవడానికి వాడుతున్నాం. ఆ నీళ్లతో తుడిస్తే టైల్స్ మీద తెల్ల మరకలు పడుతున్నాయని పనమ్మాయి గొణుగుతుంది, అది వేరే సంగతి.

ఉప్పు దగ్గర అత్తయ్యతో పెద్ద చర్చే జరిగింది. ఆవిడది భీమిలి. “ఏటమ్మా ఇది, భీమిలి నుంచి నాలుగు డబ్బాల నీళ్లు పట్టుకొస్తే సరిపోదేటి, ఉప్పు కొనుక్కోడమేటి” అన్నారు. నిజానికి సముద్రం పక్కన ఉన్నవాళ్లు కొందరు అలా చేస్తారు కూడా. కానీ మన తీరంలో వానాకాలం వెళ్లాక నదుల నీళ్లు కలిసి సముద్రం ఉప్పదనమే బాగా పడిపోతుంది, పైగా ఒడ్డున దొరికే నీళ్లలో మురుగు, డీజిల్ ఏమేం ఉంటాయో తెలీదు. ఆవకాయకి వాడే రాళ్లుప్పు కూడా పనికిరాదు. సముద్రపు నీళ్లలో సోడియం క్లోరైడ్ ఒక్కటే కాదు, కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ ఇలా చాలా ఉంటాయి, రీఫ్ సాల్ట్ అని అమ్మేది ఆ పాళ్లలో కలిపిన మిశ్రమం. రెడ్ సీ, ట్రాపిక్ మెరైన్ లాంటి బ్రాండ్లు మన దగ్గర దొరుకుతున్నాయి. లీటరుకి సుమారు 38 గ్రాముల లెక్కన మొదటిసారి నింపడానికే దాదాపు 7 కిలోలు పట్టింది. తర్వాత వారం వారం 18 లీటర్లు మారిస్తే 700 గ్రాములకి కాస్త తక్కువ. 20 కిలోల బకెట్ నాకు నాలుగున్నర నెలలు వచ్చింది. ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35), అంటే సాంద్రత 1.026 దగ్గర ఉంచాలి. దీన్ని చూసే రిఫ్రాక్టోమీటర్‌ని మంచినీళ్లతో సున్నాకి సరిచేయమని ప్యాకెట్ మీద ఉంటుంది కానీ 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతో సరిచేసుకోండి. నాది సున్నా దగ్గర కరెక్టుగానే ఉండి 35 దగ్గర రెండు తేడా చూపించింది.

ఇక చిల్లర్. పేరులో తప్ప ధరలో చిల్లర ఎక్కడా లేదు, ప్యాకేజీలో అన్నింటికంటే ఖరీదైన వస్తువు ఇదే. పగడాలకి 25, 26 డిగ్రీలు హాయి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని హాల్లో పెట్టిన ట్యాంక్ 31, 32కి పోతుంది, పంపుల వేడి దానికి అదనం. వేసవిలో ఇది లేకుండా ఫ్యానుతో నెట్టుకురావచ్చని కొందరంటారు. నీటి మీదకి ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గే మాట నిజం, తేమ లేని ఎండాకాలంలో ఇంకా బాగా పనిచేస్తుంది. వాన పడి గాలిలో తేమ పెరిగిన రోజున మాత్రం పెద్దగా తగ్గదు. కాబట్టి చిల్లర్ కొనడం తప్పు కాదు. తప్పు ఎక్కడంటే, బిగించడానికొచ్చిన మనిషి దాన్ని నీట్‌గా ఉంటుందని క్యాబినెట్ లోపల పెట్టి తలుపు మూసేశాడు. చిల్లర్ అంటే చిన్న ఫ్రిజ్ లాంటిది, నీళ్లలో వేడి తీసి వెనక నుంచి బయటికి వదులుతుంది. ఆ వేడి గాలి వెళ్లే దారి లేక మళ్లీ అదే పీల్చుకుని, 24 గంటలూ తిరుగుతూ, ట్యాంక్‌ని 30 కంటే దించలేక, కరెంటు బిల్లు మాత్రం ఆకాశానికి చేర్చింది. షాపుకి ఫోన్ చేస్తే “ఎండలు ఎక్కువున్నాయి మేడమ్” అన్నారు. ఎండలు ఎక్కువ కాబట్టే కదా కొన్నది! ఆఖరికి మా ఆయన, ఏసీ మెకానిక్ కలిసి గోడకి రెండు రంధ్రాలు కొట్టించి దాన్ని బాల్కనీలో నీడపట్టున పెట్టారు. ఆ మధ్యాహ్నమే 26కి దిగింది. మీరు కొంటే ట్యాంక్ ఎక్కడ పెట్టాలో అనుకునే ముందు చిల్లర్ వేడి ఎటు పోవాలో అనుకోండి. డిసెంబర్‌లో దీనికి వ్యతిరేకం, రాత్రుళ్లు 23కి పడుతోందని 200 వాట్ల హీటర్ వేశాం, అదీ ప్యాకేజీలో లేదు.

ప్యాకేజీలో లేని ఇంకో ముఖ్యమైన వస్తువు ఏటీఓ. ఆవిరైన మేర మంచినీళ్లు తనంతట తనే పోసే చిన్న సెన్సరు, చిన్న పంపు. ఇది విలాసం అనుకున్నా. మాకు రోజుకి రెండు మూడు లీటర్లు ఆవిరవుతాయి. నీళ్లు పోతాయి, ఉప్పు పోదు, పులుసు మరిగే కొద్దీ ఉప్పన అయినట్టే. సంక్రాంతికి మూడు రోజులు భీమిలి వెళ్లొచ్చేసరికి 35 ఉండాల్సింది 37కి చేరింది, పుట్టగొడుగుల్లా విచ్చుకుని ఉండే మష్‌రూమ్ కోరల్స్ ముడుచుకుని గోళీల్లా అయిపోయాయి. వచ్చీ రాగానే మర్నాడే ఏటీఓ ఆర్డర్ పెట్టా. లైటు ఒక మెట్టు తక్కువది కొన్నా పర్లేదు, ఇది మాత్రం మొదటి రోజే ఉండాలి.

సంప్ గురించి ఒక రాత్రి కథ. మే నెలలో గాలివాన, కరెంటు పోయింది. రిటర్న్ పంపు ఆగితే పైనున్న నీళ్లు పైపు గుండా వెనక్కి కిందికి దిగుతాయి, కొంత దిగాక ఆగిపోవడానికి పైపుకి నీటి మట్టం దగ్గర చిన్న రంధ్రం పెడతారు, అందులోంచి గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. మా పైపుకి రంధ్రం పెట్టారు కానీ అది నాచుతో పూడుకుపోయింది, దాన్ని నెలనెలా పుల్లతో పొడవాలని ఎవరూ చెప్పలేదు. అర్ధరాత్రి చీకట్లో హాల్లో కాలు పెడితే చెప్పులు తడిశాయి. బకెట్ నిండా ఉప్పునీళ్లు నేల మీద, క్యాబినెట్‌లో ఎక్స్‌టెన్షన్ బోర్డు రెండంగుళాల దూరంలో. కరెంటు లేదు కాబట్టి బతికాం. ఇప్పుడు బోర్డులన్నీ క్యాబినెట్ బయట గోడకి ఎత్తులో ఉన్నాయి, ప్రతి వైరూ ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా వదిలాం, చుక్క కారినా కింద పడుతుంది కానీ ప్లగ్‌లోకి పోదు. ఆ లైనుకి విడిగా 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, పెట్టించాం. పిల్లలున్న ఇల్లయితే ఈ ఒక్క పేరా చదివినా చాలు. ఇన్వర్టర్ మీద చిల్లర్ నడవదు, ఒక వేవ్ మేకర్ మాత్రం నడుస్తుంది. కరెంటు పోయినప్పుడు ముందు కావాల్సింది నీటి కదలికే, అది లేకపోతే ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

స్కిమ్మర్ బాగుంది, దానికి పూర్తి మార్కులు. పప్పు ఉడికేటప్పుడు పైకి తెట్టు కట్టదూ, ఇదీ అంతే, సన్నటి బుడగలతో నీళ్లలోని మురికిని నురుగుగా పైకి తెచ్చి కప్పులో పడేస్తుంది. మాది బబుల్ మేగస్. మొదటి రెండు వారాలు పిచ్చిపట్టినట్టు పొంగుతుంది, అది కుదురుకునే దాకా కప్పు కొంచెం పైకి పెట్టుకోండి. కప్పులో చేరే నల్లటి నీళ్ల వాసన గురించి మాత్రం భోజనాల వేళ ఎవరూ అడక్కండి.

రాళ్లు డ్రై రాళ్లు ఇచ్చారు, అందుకు థాంక్స్. సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్, అంటే పగడపు దిబ్బల ముక్కలు, కావాలా అని కూడా అడిగారు, చెప్పిన ధర చూసి కాదు, చట్టం చూసి వద్దన్నా. ఇది కొత్తవాళ్లకి షాపుల్లో ఎవరూ చెప్పరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి అస్థిపంజరం ఉండి దిబ్బలు కట్టే పగడాలన్నీ, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్లు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులితో సమానం. 2001లో చేర్చారు. వాటి విషయంలో నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. మా షాపులోనే వెనక గదిలో హామర్ కోరల్ చూపించి “ఇది ఇంపోర్టెడ్ మేడమ్” అన్నారు, కాగితాలు చూపించమంటే మాట మార్చారు. హామర్ గట్టి పగడమే, సైట్స్ (వన్యజీవుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో కూడా ఉంది. ఆ జాబితాలోని బతికున్న జంతువులు మన దగ్గరుంటే కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024లో నిబంధనలు వచ్చాయి. పోస్టర్ల మీద కనిపించే ఆ రంగురంగుల కొమ్మల పగడాల తోట మన ఇంట్లో కుదరదని మొదట్లోనే అనుకుంటే మనసు తేలిక. నాకు గట్టి అస్థిపంజరం లేని మెత్తటి రకాలే, మష్‌రూమ్స్, జోవాంతిడ్స్, ఒక టోడ్‌స్టూల్ లెదర్, ఊపిరి పీల్చినట్టు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండే జీనియా ఉన్నాయి. ఇవేవీ ఆ షెడ్యూల్‌లో లేవు, తక్కువ లైటు చాలు, కాల్షియం డోసింగ్ పంపులు అక్కర్లేదు, వారం వారం నీళ్లు మార్చడమే వాటికి తిండి. ఒక్క జాగ్రత్త, కొన్ని జోవాంతిడ్స్‌లో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. గ్లోవ్స్ లేకుండా కోయకండి, అవి ఉన్న రాయిని వేడినీళ్లలో మరిగించాలన్న ఆలోచన కూడా చేయకండి, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రుల పాలైనవాళ్లున్నారు.

ఈ పగడాలకి లైటు గురించి ఇంత చర్చ అవసరమే లేదు. నీలం కాంతి ఎక్కువుండే ఏ మాదిరి ఎల్ఈడీ అయినా రోజుకి ఎనిమిది గంటలు చాలు. ప్యాకేజీలో వచ్చిన లైటుని నేను ఇప్పటికీ 40 శాతం మీద నడుపుతున్నా. సగం డబ్బుకి సగం లైటు ఇచ్చి, మిగిలిన దాంతో ఏటీఓ ఇచ్చుంటే ఈ రివ్యూ వేరేలా ఉండేది.

అన్నింటికంటే కోపం వచ్చింది చేపల దగ్గర. కొత్త ట్యాంక్‌లో బ్యాక్టీరియా పెరిగి అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చడం మొదలుపెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దీన్నే సైకిల్ అంటారు. “సైకిల్ కోసం” అని ప్యాకేజీతో పాటు నాలుగు డామ్సెల్ చేపలు ఫ్రీగా ఇచ్చారు. ఫ్రీ అంటే తీసుకున్నా, సిగ్గుగానే ఉంది. ఆ అమ్మోనియాలో రెండు చచ్చిపోయాయి. మిగతా రెండు బతికి, ట్యాంక్ తమదని రిజిస్ట్రేషన్ చేయించుకున్నట్టు తర్వాత వచ్చిన ప్రతి చేపనీ తరిమి తరిమి కొట్టాయి. వాటిని పట్టడానికి ఒక ఆదివారం రాళ్లన్నీ బయటికి తీయాల్సొచ్చింది. సీసాలో దొరికే అమ్మోనియం క్లోరైడ్ చుక్కలు, బ్యాక్టీరియా సీసా ఉంటే ఒక్క ప్రాణికీ హింస లేకుండా అదే పని అయిపోతుంది. ఇప్పుడు రెండు క్లౌన్ ఫిష్ ఉన్నాయి, హేచరీలో పుట్టినవే కావాలని అడిగి తెచ్చుకున్నా. వీటిని పుట్టించి పెంచే పద్ధతి మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) వాళ్లు ఎప్పుడో తయారుచేశారు, కాబట్టి సముద్రంలో పట్టినవే కొనాల్సిన అగత్యం లేదు. ఇవి తిండికి పేచీ పెట్టవు, సముద్రంలో అవి దాక్కునే అనిమోన్ అనే జీవి లేకపోయినా హాయిగా ఉంటాయి. మావి లెదర్ కోరల్‌నే అనిమోన్ అనుకుని అందులో పడుకుంటున్నాయి. మా పాప అడిగిన బ్లూ టాంగ్ చేప అడుగు పొడవు పెరుగుతుంది, మూడడుగుల ట్యాంక్‌లో అది ఆటోలో ఏనుగు. షాపు వాళ్లు మాత్రం “పెట్టుకోవచ్చు మేడమ్, ట్యాంక్‌ని బట్టే పెరుగుతుంది” అన్నారు. అబద్ధం. మాండరిన్ చేప కూడా అంటగట్టబోయారు. అది దాదాపుగా బతికున్న కోపెపాడ్స్ అనే అతి చిన్న జీవుల్ని తప్ప తినదు, కొత్త ట్యాంక్‌లో అంత మేత ఉండదు, కళ్లముందే ఎండిపోయి చస్తుంది. ఏ చేప తెచ్చినా నాలుగు వారాలు వేరే చిన్న ట్యాంక్‌లో ఉంచాకే పెద్దదాంట్లో వేస్తున్నా. తెల్ల మచ్చల జబ్బు పగడాలున్న ట్యాంక్‌లోకి వస్తే మందు వేయడానికి ఉండదు, రాగి మందు చేపని బతికిస్తుంది గానీ రొయ్యల్నీ నత్తల్నీ పగడాల్నీ చంపేస్తుంది.

టెస్ట్ కిట్లు ఇవ్వలేదు. “నెలకోసారి నీళ్లు తెచ్చి చూపించండి, ఫ్రీగా చూస్తాం” అన్నారు, చూశారు కూడా, ప్రతిసారీ “అంతా పర్ఫెక్ట్” అనే చెప్పారు, అంకె ఒక్కటీ చెప్పలేదు. ఆల్కలినిటీకి, అంటే నీళ్ల క్షారతకి, హానా చెకర్, నైట్రేట్‌కి సాలిఫర్ట్ కొనుక్కున్నా. ఆల్కలినిటీ 8 డీకేహెచ్, నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం మధ్య ఉంచుతున్నా. నైట్రేట్‌ని మొత్తం సున్నా చేయాలని తాపత్రయపడొద్దు, మెత్తటి పగడాలు మరీ శుభ్రమైన నీళ్లలో నీరసిస్తాయి.

సర్వీసు సంగతి చెప్పాలంటే, పిలిస్తే వస్తారు, అది మెచ్చుకోవాలి. ఒక వేవ్ మేకర్ ఆరో నెలలో ఆగిపోతే వారంటీ కాగితం కూడా అడక్కుండా మార్చారు. వచ్చిన కుర్రాడు ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తాడు, జాగ్రత్తగా తుడిచి వెళ్తాడు. తెలియని విషయం తెలియదని ఒప్పుకోకపోవడమే అతనితో చిక్కు.

గ్లాసు పని, క్యాబినెట్, స్కిమ్మర్‌కి అయిదుకి అయిదు. బిగించడానికి రెండు. చేపల సలహాకి సున్నా. ప్యాకేజీ మొత్తానికి రెండున్నర. ఇంకోసారి పెట్టుకోవాల్సొస్తే ప్యాకేజీ తీసుకోను, వాళ్ల దగ్గరే ట్యాంక్, సంప్, స్కిమ్మర్ విడిగా చేయించుకుని మిగతావి నేను చూసుకుంటా. ఉప్పు బకెట్ అడుగంటింది, ఈ శనివారం మళ్లీ అక్కడికే వెళ్లాలి. పాపని తీసుకెళ్లను, పోయినసారి వెళ్లినప్పుడు ఆ బ్లూ టాంగ్ ఇంకా కౌంటర్ పక్క ట్యాంక్‌లోనే ఉంది.